ర్యాంపు వెడల్పు పదకొండు మీటర్లు

మయూర్ విహార్‌లోని మా ఇంటి నుంచి యమున ఒడ్డున ఉన్న పార్కుకు నడిచి వెళ్ళాలంటే దారిలో ఒక ర్యాంపు దాటాలి. ఫ్లైఓవర్ మీద నుంచి దిగే వాహనాలు ఆ ర్యాంపు గుండా వచ్చి కింది పెద్ద రోడ్డులో కలుస్తాయి. దాని వెడల్పు పదకొండు మీటర్లు. ఈ అంకెలో తప్పు లేదు. వెళ్తూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి నేనే కొలిచాను; రెండు కొలతలూ సరిపోయాయి. అయినా కిందటి నవంబరు నుంచి ఈ అంకె గుర్తుకొస్తే నాకు భయమేస్తోంది.

నా ఉద్యోగమంతా కేంద్ర ప్రభుత్వంలో భూమిని కొలిచి పటాలు తయారుచేసే పనిలో గడిచింది. మనుషుల మాటలకన్నా తేదీ వేసి సంతకం చేసిన కొలతను నమ్మడం అక్కడ అబ్బిన అలవాటు. పదవీ విరమణ తరువాత కూడా ఢిల్లీలోనే ఉండిపోయాం. ఆదివారాల్లో అప్పుడప్పుడు నేనూ నా భార్యా మెట్రో ఎక్కి అశోకా రోడ్డులోని మన రాష్ట్ర భవన్ క్యాంటీన్‌కు వెళ్ళి మన భోజనం తిని వస్తుంటాం. అక్కడ వరుసలో నిలబడి ఉండగానే ఈ పని నా నెత్తిన పడింది.

మా ముందు నిలబడిన అమ్మాయి మాకు తెలిసినవాళ్ళ కూతురు. తండ్రి సైన్యంలో పనిచేయడంవల్ల కంటోన్మెంటులోనే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా హిందీలో వస్తుంది. తాను నడిపే నడక బృందం గురించి ఆ రోజు చాలా ఉత్సాహంగా చెప్పింది. ఘాజియాబాద్ వైపు నుంచి మొదలుపెట్టి, తూర్పు ఢిల్లీ పార్కులన్నిటినీ కలుపుకుంటూ, యమున దాటి, గురుగ్రామ్ వైపు కొండల దాకా ఒకే కాలిబాట. ఎన్నో రోజుల నడక, అంతటికీ ఒకే పటం. పార్కుల లోపలి దారులను బృందంలోని కుర్రవాళ్ళు ఫోన్లతో గుర్తించేశారు.

"ప్రాబ్లం బీచ్ వాలీ రోడ్స్ కా హై, అంకుల్. ఏక్ పార్క్ కే గేట్ సే దూస్రే పార్క్ కే గేట్ తక్. కనెక్టర్స్."

"పార్కుకూ పార్కుకూ మధ్య దారులా? అతుకులన్నమాట," అంది నా భార్య. "అయితే మీ అంకుల్‌కే ఇవ్వమ్మా. చొక్కా గుండీ ఊడితే దారం రెండుసార్లు కొలిచి మరీ కుట్టించుకునే మనిషి."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు కాని, ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు అతుకులే.

మా శాఖలో పనికి ఒక పద్ధతి ఉండేది. గీసే ప్రతి గీతనూ ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి కొలవాలి. రెండింటికీ పొంతన కుదిరితేనే సిరా పెట్టాలి. కొలిచే వేళకూ నియమం ఉంది. ఎండెక్కాక నేల మీది గాలి అల్లలాడుతుంది; దుర్భిణిలోంచి చూస్తే దూరాన నిలబెట్టిన కర్ర మీది అంకెలు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతాయి. అందుకని తెల్లవారుతుండగానే పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా ముగించేవాళ్ళం. ఉద్యోగం వదిలి ఎన్నో ఏళ్ళయినా కొలత అంటే తెల్లవారుజామే అన్నది నా ఒంట్లో ఇంకిపోయింది. ఢిల్లీ రోడ్ల మీద కొలిచే చక్రం దొర్లించాలంటే వాహనాలు ఉండకూడదు కనుక దానికి ఆదివారాన్ని కూడా జోడించాను. పొడుగాటి పిడికి చక్రం తగిలించిన, అది తిరిగినకొద్దీ మీటర్లు చూపించే ఆ పరికరాన్ని తోసుకుంటూ, ఖాళీ రోడ్ల మీద తృప్తిగా నడిచాను.

ర్యాంపు దగ్గరికి వెళ్ళిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. పొగమంచు పలచగా ఉంది. ర్యాంపు మధ్యలో ఒక కుక్క కాళ్ళు చాచుకుని నిద్రపోతోంది. నా చక్రం దాని తోక పక్క నుంచి వెళ్ళినా కళ్ళు తెరవలేదు. ఇటు మా కాలనీ వైపు కాలిబాట. దాని తరువాత ర్యాంపు. ర్యాంపుకూ పెద్ద రోడ్డుకూ నడుమ సిమెంటు అంచు కట్టిన ముక్కోణపు తిన్నె. పెద్ద రోడ్డుకు అవతల పార్కు. అన్నీ కొలిచాను, తిరిగి వస్తూ మళ్ళీ కొలిచాను.

ఆ అమ్మాయి పంపిన పట్టికలో రోడ్డు దాటే ప్రతి చోటుకూ ఎదురుగా సులభం, మధ్యస్థం, కష్టం అనే మూడింటిలో ఒకటి రాయాలని ఉంది. నాకు విశేషణాలు గిట్టవు. అందుకని వాటికీ ఒక లెక్క పెట్టుకున్నాను. వెడల్పు పన్నెండు మీటర్ల లోపయితే సులభం, ఇరవై లోపయితే మధ్యస్థం, ఆ పైన కష్టం. ఆ లెక్క ప్రకారం ర్యాంపు సులభం. అలాగే రాశాను. తూర్పు ఢిల్లీ భాగాన్ని నమూనాగా అచ్చువేశారు. వాట్సాప్ గ్రూపులోనూ పెట్టారు.

నా భార్యకు కిందటి ఏడు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. నడవమని వైద్యుడు చెప్పాడు. అప్పటి నుంచి సాయంత్రాలు మా సొసైటీ లోపలి పార్కులో గుండ్రంగా తిరుగుతోంది. గుండ్రంగా తిరగడం ఆమెకు విసుగు. ఎక్కడికైనా వెళ్తేనే అది నడక అంటుంది. అచ్చయిన పటం ఇంటికి రాగానే నాకన్నా ముందు తనే విప్పి చూసింది. మా ఇల్లు, ఆ పక్క నుంచి ఎర్రగీత, చివర నది ఒడ్డున పచ్చటి ముక్క.

"ఇంత దగ్గరా? ఇన్నేళ్ళూ ఆటోలో ఎందుకు వెళ్ళాం మనం?"

మరుసటి గురువారం మధ్యాహ్నం ఆమె, మా పై అంతస్తులో ఉండే కడప ఆవిడ, పక్క బ్లాకు నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బయలుదేరారు. కడప ఆవిడ భర్త సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఆవిడ మాట కూడా కవాతు చేయిస్తున్నట్టే ఉంటుంది. నేనూ వస్తానన్నాను.

"మీరొద్దండీ," అంది నా భార్య, చేతికర్ర తీసుకుంటూ. "మీరొస్తే మేము నడవం, కొలుస్తాం."

"మ్యాపు ఇచ్చినావు గదన్నా, ఇంక నువ్వెందుకు?" అంది కడప ఆవిడ. "ఇంట్లో కూర్చోని టీ పెట్టుకో. మేం వచ్చేతలికి మాకూ పెట్టు."

వెళ్ళిన కొంతసేపటికి నా భార్య ఫోను చేసింది. పార్కు చేరారట. ర్యాంపు దగ్గర కాసేపు నిలబడాల్సి వచ్చిందట, అయినా దాటేశారట. గులాబీలు చాలా ఉన్నాయట. ఆ మాటల్లో నేను గులాబీలను మాత్రమే విన్నాను. యమునకు అవతలి భాగపు పటం బల్ల మీద పరిచి ఉంది. నా ధ్యాస దాని మీద ఉంది.

చలికాలంలో ఢిల్లీ సాయంత్రం తొందరగా ముగుస్తుంది. ఆ రోజు పొగ కూడా దట్టంగా ఉంది. కిటికీ తలుపులు వేసినా గొంతులో కాలిన వాసన తగులుతూనే ఉంది. దీపం వేసుకుని కూర్చున్నప్పుడు రెండో ఫోను వచ్చింది.

"బయలుదేరాం. పార్కు గేటు దాకా వచ్చేశాం. పాలు పొయ్యి మీద పెట్టండి."

ఆమె గొంతు వెనక హారన్లు. ఒకటీ రెండూ కావు. ఒకదాని మీద ఒకటి పడి, విడదీయలేని ఒకే మోతగా వినిపించాయి. ఫోను పెట్టేశాక కూడా ఆ మోత ఆగలేదు. అది మా కిటికీ కింద నుంచి కూడా వస్తోంది. ఆఫీసులు వదిలిన వేళ ఢిల్లీ నుంచి నోయిడా వైపు వెళ్ళే జనమంతా ఆ ఫ్లైఓవర్ మీదుగానే పోతారు. ఆ మోత నేను ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రమూ వింటున్నదే. నేను కొలిచిన ర్యాంపూ ఈ మోత దిగి వచ్చే ర్యాంపూ ఒకటేనన్న సంగతి మాత్రం ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

పొయ్యి వెలిగించలేదు. ఆమెకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆ రద్దీలో చేతిసంచిలోని ఫోను వినిపించదని నాకు తెలుసు. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికి లాగి బయలుదేరాను.

నాకు పరుగెత్తే వయసు కాదు. వేగంగా నడిచాను. దారిలో నాకు తెలియకుండానే లెక్క వేస్తున్నాను. ర్యాంపు వంపు తిరిగి దిగుతుంది. వంపు దాటేదాకా కింద నిలబడ్డ మనిషి డ్రైవరుకు కనిపించడు. వంపు నుంచి దాటే చోటుకు సుమారు డెబ్బై మీటర్లు. ఫ్లైఓవర్ మీది ఊపుతో దిగే కారుకు ఆ దూరం అయిదు సెకన్లలోపు పని. శస్త్రచికిత్స తరువాత నా భార్య నడక వేగం ఎంతో నాకు తెలుసు. వైద్యుడికి చెప్పడం కోసం నేనే చూసి పెట్టాను. పదకొండు మీటర్లకు ఆమెకు పదిహేను సెకన్లు పైనే పడుతుంది. అయిదు, పదిహేను. ఈ రెండు అంకెల్లో ఏదైనా తప్పయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. జీవితంలో ఎన్నడూ నా కొలత తప్పు కావాలని నేను కోరుకోలేదు.

అక్కడికి చేరేసరికి వాళ్ళు ముక్కోణపు తిన్నె మీద ఉన్నారు.

పెద్ద రోడ్డు మీద వాహనాలు ఒకచోట ఇరుక్కుని ఆగినప్పుడు, వాటి సందుల్లోంచి నడిచి తిన్నె దాకా వచ్చేశారు. వాళ్ళు తిన్నె ఎక్కగానే ఇరుకు వీడి వెనక వాహనాలు కదిలాయి. ముందు ర్యాంపు. అటూ ఇటూ పారుతున్న రెండు ప్రవాహాల నడుమ నలుగురు ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. హెడ్‌లైట్ల వెలుగు పొగలో పసుపుముద్దలా పాకుతూ వాళ్ళ మీద నుంచి జారిపోతోంది. నా భార్య కట్టుకున్న ఊదారంగు చీర ఆ వెలుగులో నల్లగా కనిపించింది. డ్రైవరుకు అసలు కనిపించదు.

నాకూ ఆమెకూ మధ్య ఆ పదకొండు మీటర్లే ఉన్నాయి. చేతులు ఊపాను. ఆమె నన్ను చూసి కర్ర ఎత్తింది. ఫోను తీయమని చెవి దగ్గర చేయి పెట్టి సైగ చేశాను. కర్రను చంకలో ఇరికించుకుని సంచిలో వెతికి తీసింది.

"ఏమండీ, మీరెందుకొచ్చారు?"

"కదలకు. నువ్వు అక్కడి నుంచి కదలకు."

"కదిలేదెక్కడ? నిలబడే ఉన్నాం చాలాసేపటి నుంచి. ఒక్కటీ ఆగటం లేదు."

"ఆగవు. ఆ వంపు వల్ల వాళ్ళకు మీరు కనపడరు. అందరూ వెనక్కి జరగండి. అంచు మీద నిలబడొద్దు."

పక్క నుంచి కడప ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది. "ఏమంటాన్నాడు అన్న? సులభం అని రాసినాడు గదా, వచ్చి చూపీమను ఎట్ల దాటాల్నో."

"ఆవిడ అంటోంది..."

"విన్నాను. ఆవిడను కూడా కదలొద్దని చెప్పు."

ఆ మాట చెప్పడం ఎంత తేలికో అంతసేపు నిలబడటం అంత తేలిక కాదని నాకు తెలుసు. నా భార్య ఒక కాలి మీది బరువును ఇంకో కాలి మీదికి మార్చడం కనిపిస్తూనే ఉంది. చీకటి ఇంకా పడుతోంది. మోటారుసైకిళ్ళు కొన్ని తిన్నె అంచుకు ఆనుకుని దూసుకుపోతున్నాయి. నేను వాహనాల మధ్య ఖాళీలను లెక్కపెడుతున్నాను. మూడు సెకన్లు. నాలుగు. రెండు. ఒకసారి ఏడు దాకా వచ్చింది, అంతకు మించలేదు. పదిహేను ఆ సాయంత్రం వస్తుందన్న ఆశ నాకు లేదు.

ఆ ఏడు సెకన్ల ఖాళీ కడప ఆవిడ కంట కూడా పడింది.

"పదండి పదండి!" అని ఒక్క అరుపు. ఆవిడ తిన్నె దిగేసింది. నా భార్య చేయి ఆవిడ చేతిలోనే ఉంది. "వద్దు!" అని నేను అరిచింది ఫోనులోనో, గాలిలోనో నాకు గుర్తులేదు. వంపులోంచి నీళ్ళ ట్యాంకరు ఒకటి దిగుతోంది. నా భార్య కడప ఆవిడను కొంగు పట్టుకుని వెనక్కి లాగడం చూశాను. ఆమె చేతికర్ర రోడ్డు మీదికి జారడం చూశాను. ఆ తరువాత ట్యాంకరు అడ్డం వచ్చింది.

ట్యాంకరు ఎంతసేపు అడ్డంగా ఉందో నేను లెక్కించలేదు. లెక్క పెట్టకుండా వదిలేసింది అదొక్కటే. కర్ర చక్రాల కింద విరిగిన చప్పుడు, అంత మోతలోనూ విడిగా వినిపించింది. ట్యాంకరు వెళ్ళాక తిన్నె మీద ముగ్గురే నిలబడి ఉన్నారు. ఊదారంగు చీర లేదు.

ఫోను నా చెవి దగ్గరే ఉంది. అందులో రోడ్డు మోత తప్ప మాట లేదు. ఆమె పేరు పిలిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ముందు పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. మళ్ళీ పిలిచాను. ఒక కాలు కాలిబాట మీద నుంచి దింపాను. కారు ఒకటి ఎడతెగని హారనుతో నా మోకాలికి గాలి కొట్టి పోయింది. కాలు వెనక్కి తీసుకున్నాను. ముందుకు పోలేకపోయాను. అక్కడికి వెళ్ళాలని ఉండీ వెళ్ళలేకపోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు.

"ఏమండీ..."

సన్నగా వినిపించింది.

"పడ్డాను. ఏం కాలేదు. కూర్చుండిపోయాను, లేవలేకపోతున్నాను."

అప్పుడు కనిపించింది. నిలబడ్డ ముగ్గురి కాళ్ళ వెనక, నేల మీద.

"లేవొద్దు. అలాగే కూర్చో," అన్నాను. "ఇటు చూడకు. ఇటు దాటే ఆలోచనే మానెయ్యండి. మీ వీపు వెనక పెద్ద రోడ్డుంది. దాని ఎడమ అంచున బ్యాటరీ రిక్షాలు వస్తుంటాయి, నెమ్మదిగానే వస్తాయి. దాన్ని ఆపండి. అది తీసుకువెళ్ళినంత దూరం వెళ్ళి, తిరిగి ఈ వైపుకు రండి."

ఫోను కడప ఆవిడ చేతికి మారింది. ఆవిడ గొంతులో కవాతు లేదు. "సరేన్నా," అంది, అంతే.

మొదటి రిక్షా ఆగలేదు. రెండోది లక్ష్మీ నగర్ కోచింగ్ పిల్లలతో నిండి ఉంది. మూడోది ఆగింది. ఫోను తెరిచే ఉంది కనుక వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"కహాఁ జానా హై, దీదీ?"

"సామ్‌నే," అంది కడప ఆవిడ, ఎదురుగా ఉన్న నా వైపు చేయి చూపిస్తూ.

"సామ్‌నే? వో తో సామ్‌నే హీ హై!"

"అదే నాయనా, ఆ సామ్‌నేకే పోవాల. నడ్సి దాటలేము, పైదల్ నహీ జా సక్తే. ఘుమాకే లే చలో."

"అచ్ఛా, ఠీక్ హై. బైఠో, బైఠో. జల్దీ."

ఇద్దరు నా భార్యను చెరో రెక్క పట్టుకుని లేపారు. ఆమె ఆపరేషనయిన కాలు పైకెత్తి రిక్షాలో పెట్టేవరకూ వెనక ఆగిన బస్సు హారను కొడుతూనే ఉంది. రిక్షా కదిలింది. ర్యాంపు పెద్ద రోడ్డులో కలిసేచోట, పక్క నుంచి దూకుతున్న కార్ల మధ్య దాని చిన్న ఎర్రదీపం కాసేపు కనిపించి మాయమైంది. అదే సమయానికి ఫోను కూడా తెగిపోయింది.

రిక్షా వెనక్కి తిరగాల్సిన మలుపు ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు. అక్కడ బారికేడ్లు పెట్టి ఆ మలుపు మూసేశారన్న సంగతి ఆ సాయంత్రం తెలియదు. రావలసిన సమయానికి రిక్షా రాలేదు. దానికి రెట్టింపు సమయానికీ రాలేదు. అంత చిన్న బండి అంత పెద్ద రోడ్డులో కలవడాన్ని చూసిన తరువాత నా ఊహకు అడ్డూ ఆపూ లేకపోయింది. తిన్నె ఖాళీగా ఉంది. విరిగిన కర్ర ముక్కలను ఒక్కొక్క చక్రమూ ఇంకొంచెం దూరం తోస్తోంది. ఫోను చేద్దామంటే వేళ్ళు సరైన చోట పడలేదు.

రిక్షా చివరికి నా వెనక నుంచి, కాలనీ లోపలి వీధిలోంచి వచ్చింది. కడప ఆవిడ ముందు దిగింది.

"పదకొండు మీటర్లకు పట్పర్‌గంజ్ అంతా తిప్పినాడన్నా," అంది. "నీ మ్యాపులో ఈ దోవ గూడా గీసుకో." నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. "నేనే దిగినానన్నా. నన్ను లాగబోయి ఆమె పడింది."

నా భార్య రిక్షా ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. వదలమంటే వెంటనే వదలలేకపోయింది. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి.

ఇంటికి వచ్చాక ఆమె మంచినీళ్ళు తాగింది. మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టాను. ఆమె మాటలో కోపం లేదు; తెలుసుకోవాలనే అడిగింది.

"మీరు ఆ చోటు ఎప్పుడు చూశారు?"

"ఆదివారం."

"ఏ వేళప్పుడు?"

"తెల్లవారుతుండగా."

"ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో ఎక్కడైనా దాటొచ్చు కదండీ," అంది.

ఆ నడక బృందపు అమ్మాయికి అప్పుడే ఫోను చేశాను. జరిగింది విని ఆమె నిజంగా భయపడింది. ఆంటీ ఎలా ఉన్నారని మూడుసార్లు అడిగింది. పటంలోంచి ఆ గీత తీసేయమన్నప్పుడు మాత్రం తటపటాయించింది. అది తీసేస్తే తూర్పు ఢిల్లీ ముక్క నదికి అందదు. బాట రెండుగా తెగిపోతుంది.

"అంకుల్, చుక్కల గీత పెడదామా? జాగ్రత్త అని లిఖ్ దేంగే. హమారీ వాక్ తో సండే మార్నింగ్ హీ హై. తబ్ తో ఖాలీ రహతా హై నా?"

"మీ నడక ఆదివారమేనమ్మా. కాగితం ఆదివారమే ఉండి సోమవారం మాయం కాదు. గీత ఉంటే మనిషి నడుస్తాడు. అది చుక్కలదా, నిండుదా అని చూసేది నేను, నువ్వు."

"ఠీక్ హై, అంకుల్," అంది ఆ అమ్మాయి. మరునాటికి కొత్త పటం తయారైంది. ఎర్రగీత మా వైపు కాలిబాట దగ్గరే ఆగిపోతుంది; మళ్ళీ పార్కు గేటు నుంచి మొదలవుతుంది. నడుమ తెల్లటి ఖాళీ. నా చేతి మీదుగా వచ్చిన పటాల్లో, కొలిచి కూడా ఖాళీగా వదిలింది అదొక్కటే.

దానితో నా భయం తీరుతుందనుకున్నాను. తీరలేదు. పాత పటం ఎంతమందికి చేరిందని అడిగితే ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. గ్రూపులో ఉన్నవాళ్ళు తమ ఆఫీసు గ్రూపులకు, సొసైటీ గ్రూపులకు పంపారట. వాళ్ళు ఇంకెవరికి పంపారో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క అంకె మాత్రం ఎవరిని అడిగినా దొరకదు. కొత్తది వచ్చిందని, పాతది వాడవద్దని సందేశం పెట్టించాను. కింద బొటనవేళ్ళ బొమ్మలు చాలా వచ్చాయి. బొటనవేలు పెట్టినవాడు చదివాడని నమ్మకమేమిటి?

రెండు రోజుల తరువాత ఆ అమ్మాయే నాకు ఒక ఫోటో పంపింది. వాళ్ళ గ్రూపులో లేని ఎవరో, వేరేచోట పెట్టిన సందేశం. పాత పటం, నా ఎర్రగీత, నా "సులభం". కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: బుధవారం ఆఫీసు అయ్యాక మేము ఈ ముక్క నడుస్తున్నాం. పేరు లేదు; ఉన్నది మారుపేరు. దానికి ఆ అమ్మాయి జవాబు రాసిందట, వాళ్ళు చూసినట్టు గుర్తు రాలేదట.

బుధవారం మధ్యాహ్నం నుంచి నాకు కూర్చోబుద్ధి కాలేదు. పొద్దు వాలుతుండగా చెప్పులు వేసుకుంటుంటే నా భార్య కూడా వచ్చి తన చెప్పులు వేసుకుంది. కొత్త కర్ర ఇంకా కొనలేదు. వద్దన్నాను.

"మీకు హారన్లు తప్ప ఏమీ వినపడవు అక్కడ. లెక్కపెడుతూ నిలబడతారు," అంది. "మనుషులను నేను చూస్తాను."

కాలనీ వైపు కాలిబాట మీద, ర్యాంపుకు దూరంగా నిలబడ్డాం. ఆమె నా చొక్కా వెనక అంచును పిడికిట్లో పట్టుకుంది. తను పడకుండానో, నేను దిగకుండానో నేను అడగలేదు. ఫ్లైఓవర్ మీది దీపాలు పొగలోంచి ఒకదాని వెనక ఒకటి వంపు తిరిగి మా మీదికి దిగుతూనే ఉన్నాయి. వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో, ఎంతమందో, ఈ వైపు నుంచి వస్తారో అవతల నుంచి వస్తారో మాకు తెలియదు. అవతల నుంచి వస్తే మేము అరిచినా వినపడదు. ఆ ఆలోచన వచ్చాక నేను తిన్నె మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

ఇటు వైపు నుంచే వచ్చారు. ఆఫీసు బ్యాగులతో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరి ముఖాల మీదా ఫోను వెలుతురు. ఫోనూ రోడ్డూ మార్చి మార్చి చూస్తున్నారు. ముందు వాళ్ళను చూసింది నా భార్యే. నా చొక్కా వదిలేసి, కాలు ఈడ్చుకుంటూ వాళ్ళకు ఎదురు వెళ్ళింది.

"బేటా, ఇధర్ సే నహీ," అంది, ఇటు వద్దని చేయి అడ్డం పెట్టి.

"ఆంటీ, మ్యాప్ మే తో యహీ సే హై," అన్నాడు అబ్బాయి, మర్యాదగానే. ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు. "దేఖియే. ఈజీ లిఖా హై."

ఆమె ఆ ఫోను వైపు చూడలేదు. రెండు అరచేతులూ తెరిచి, ఇంకా మానని గీరుడు గాయాలను అతని ముందు పెట్టింది.

"గురువార్ కో మై గయీ థీ," అంది. "ఇసీ టైమ్."

ఆ అమ్మాయి ఆ చేతులను చూసింది, తరువాత ర్యాంపును చూసింది. సరిగ్గా అప్పుడే వంపులోంచి మూడు కార్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ దిగాయి. ఆమె అబ్బాయి మోచేయి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేను దగ్గరికి వెళ్ళి, ఆ పటం రద్దయిందని, దాన్ని తయారుచేసింది నేనేనని చెప్పాను. ఎవరు పంపారని అడిగాను. ఆఫీసులో ఎవరో పంపారన్నారు. బుధవారం వస్తామని రాసింది మీరేనా అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు ఎక్కడా ఏమీ రాయలేదట.

వాళ్ళు మెట్రో వైపు వెళ్ళిపోయారు. నేను గడియారం చూసుకున్నాను. నా భార్య మళ్ళీ వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది.

"అయితే ఇంకా రావాల్సినవాళ్ళున్నారు," అంది. "నిలబడదాం."